నాన్న 1977 ఫుట్‌బాల్ పుస్తకం బాగుచేయించాను: అవెన్యూ రోడ్ బైండింగ్ షాపు గురించి

ఇంట్లో పాత పేపర్ కటింగ్‌ల పుస్తకం ఉంది, తెరిస్తే పొడి రాలుతోంది, బెంగళూరులో ఎవరికివ్వాలి అని మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందుకే నేను ఇచ్చిన చోటు గురించి వివరంగా రాస్తున్నాను. మార్కులు ముందే చెప్పేస్తాను. బైండింగ్‌కు ఐదుకు ఐదు. స్కానింగ్‌కు నాలుగు. చెప్పిన టైముకు ఇవ్వడంలో రెండు. అయినా మళ్లీ అక్కడికే వెళ్తాను.

షాపు అవెన్యూ రోడ్ మీంచి కిలారి రోడ్ వైపు తిరిగే సందుల్లో ఒకదాంట్లో ఉంది. పేరు రాయొద్దని ఆయనే కోరారు. ఉన్న పనికే చేతులు చాలట్లేదట. ఆ చుట్టుపక్కల పెళ్లిపత్రికల షాపుల్లో ఎవరినడిగినా, "పాత పుస్తకాలు కుట్టే భాయ్" అంటే చూపిస్తారు. కారు తీసుకెళ్లొద్దు, పార్కింగ్ దొరకదు. మేం ఉండేది రామమూర్తినగర్. కె.ఆర్. పురంలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి, తర్వాతి స్టేషన్ చిక్‌పేటలో దిగి నడిచాను. పుస్తకాన్ని పాత చీరలో చుట్టి, పళ్లెంలా ఉండే అట్టపెట్టెలో పెట్టి, ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. సంచిలో వేసుకుని వెళ్లి ఉంటే సగం అక్కడే పొడైపోయేది.

ఆ పుస్తకం సంగతి చెప్పకపోతే ఆయన చేసిన పని విలువ తెలియదు. నాన్న ఐటీఐలో, అంటే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో పనిచేశాడు. ఊరు మదనపల్లె దగ్గర. చదువు పూర్తవగానే దూరవాణినగర్ వచ్చి చేరాడు, మళ్లీ ఊరికి పోలేదు. 1948లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ ఈ దేశానికి నల్ల టెలిఫోన్లు చేసిచ్చింది. దానికి ఒక ఫుట్‌బాల్ టీమ్ కూడా ఉండేది. ఆటగాళ్లంతా ఫ్యాక్టరీ ఉద్యోగులే. టోకెన్ నంబరు, షిఫ్టు, క్యాంటీన్ అన్నీ అందరిలాగే. మ్యాచ్ ఉంటే సెలవిచ్చి పంపేవాళ్లు. విమానాలు చేసే హెచ్ఏఎల్, బీఈఎంఎల్ లాంటి ప్రభుత్వ కంపెనీలు, రాడార్ల పరిశోధన సంస్థ ఎల్ఆర్‌డీఈ, మిలిటరీ వాళ్ల ఎంఈజీ, ఏఎస్‌సీ, బెంగళూరులో గట్టి టీమ్‌లన్నీ ఇలాంటివే. ఆడినందుకు జీతమని ఎవరూ అనరు, ఉద్యోగానికి జీతం. అమెచ్యూర్ రోజుల చివరి భాగం అంటే ఇదే.

1977లో నాన్న ఒక పొడుగాటి లెక్కల పుస్తకం కొని, ఆ ఏడాది ఫుట్‌బాల్ మొత్తం అందులో అతికించాడు. కటింగ్ పక్కన మార్జిన్‌లో తెలుగులో తేదీ, ఎవరెవరు ఆడారు, తను ఎవరితో కలిసి చూశాడు, అన్నీ చిన్న అక్షరాల్లో రాసుకున్నాడు. అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియం గ్యాలరీ టికెట్ ముక్కలు కూడా అక్కడక్కడా ఉన్నాయి. ఫ్యాక్టరీలో జిగురు దొరికిన రోజు జిగురు, లేని రోజు ఇంట్లో అన్నం మెతుకులు. అన్నంతో అతికించిన పేజీలన్నిటికీ పురుగు పట్టింది.

ఇప్పటి పిల్లలకు ఒక సంగతి చెబితే నమ్మరు. అప్పట్లో జాతీయ లీగ్ లేదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది 1996 డిసెంబరులో. అంతకుముందు సీజన్ అంటే కప్పుల వెంట కప్పులు. కలకత్తాలో వాళ్ల లీగ్, ఐఎఫ్ఏ షీల్డ్. బొంబాయిలో రోవర్స్ కప్. ఢిల్లీలో డ్యూరాండ్, డీసీఎం. బెంగళూరులో స్టాఫర్డ్ కప్. రాష్ట్రాల మధ్య సంతోష్ ట్రోఫీ. అందులో 1970ల రెండో సగమంతా బెంగాల్‌దే పైచేయి. టీమ్‌లు రైలెక్కి ఊరూరూ తిరిగేవి. సీజన్ ఎలా సాగిందో చూడ్డానికి ఒక పాయింట్ల పట్టిక ఎక్కడా ఉండదు. ఏది ముందు, ఏది తర్వాత, ఎవరు ఎక్కడ ఓడి ఎక్కడ కోలుకున్నారు అన్నది కటింగ్‌లు అతికించిన వరసలోనే ఉంటుంది. వరస తప్పితే మిగిలేది ఉత్త కాగితాల కట్ట. అందుకే పని ఎవరికి అప్పగించాలా అని అంత ఆలోచించాను.

1977 మామూలు ఏడాది కాదు మరి. ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ క్లబ్బుల కోసం ఫెడరేషన్ కప్ అని కొత్తగా పెట్టింది. మొదటిసారి ఎర్నాకుళంలో జరిగింది. ఫైనల్లో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించి ఆ కప్పు తెచ్చింది మా ఐటీఐ. కలకత్తా మైదానంలో వేలమంది మధ్య ఆడే క్లబ్బు ఒకవైపు, టెలిఫోన్లు చేసే ఫ్యాక్టరీ టీమ్ ఇంకోవైపు. నాన్న పుస్తకంలో ఆ ఒక్క మ్యాచ్‌కే నాలుగు పేజీలున్నాయి. ఇంగ్లిష్ పేపర్లు, కన్నడ పేపర్లు, ఒక తెలుగు పేపరు, ఇవికాక మలయాళం పేపరు నుంచి ఒక పెద్ద ముక్క. ఎర్నాకుళం నుంచి వచ్చిన తోటి ఉద్యోగి తెచ్చిచ్చాడట. నాన్నకు మలయాళం ఒక్క అక్షరం రాదు, ఫొటో కోసం దాచుకున్నాడు. దాని పక్కన నీలం ఇంకుతో, "గేటు దగ్గర పేపరు కోసం చింపుకున్నంత పని. ఫస్టు షిఫ్టు వాళ్లు లోపలికి పోలేదు" అని రాసుంది.

అదే మోహన్ బగాన్ తర్వాత ఏం చేసిందో పుస్తకం సగంలో మొదలవుతుంది. సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడే అమెరికా క్లబ్బు న్యూయార్క్ కాస్మోస్‌తో ఆడి 2-2తో డ్రా చేసుకుంది. వాన పడి తడిసిన మైదానం. కాస్మోస్‌కు కార్లోస్ అల్బర్టో ముందు గోల్ కొట్టాడు. మోహన్ బగాన్ తరఫున శ్యామ్ థాపా, మన హైదరాబాద్ మహమ్మద్ హబీబ్ చెరొకటి కొట్టి ముందుకు తీసుకెళ్లారు. కినాల్యా పెనాల్టీతో సమం చేశాడు. మరో వారానికి, అక్టోబరు 1న, పెలే తన ఆఖరి మ్యాచ్ ఆడేశాడు. ఇటు మోహన్ బగాన్ అదే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, రోవర్స్, డ్యూరాండ్ మూడూ గెలిచింది. అంతటి టీమ్ ఆ ఏడాది ఫెడరేషన్ కప్ ఫైనల్లో మావాళ్లకు తలవంచింది. ఈ రెండు సంగతులూ ఒకే పుస్తకంలో, జరిగిన వరసలో ఉంటేనే ఐటీఐ గెలుపు ఎంత పెద్దదో అర్థమవుతుంది.

హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్ పేర్లు ఎక్కడ కనిపించినా నాన్న ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాడు. 1976 కలకత్తా డెర్బీలో, అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో, ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టిన అక్బర్ ఇతనే. ఉద్యోగాలిస్తామన్నా వద్దని ఆటనే వృత్తిగా పెట్టుకున్నాడని, దేశంలో తొలి అసలైన ప్రొఫెషనల్ అని హబీబ్‌ను చాలామంది అంటారు. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయాడు. ఆ వార్త వచ్చిన రోజే నాన్న పుస్తకం బయటికి తీయమన్నాడు. తీసేసరికి కుట్లన్నీ ఊడి, అంచులు చేతికి అంటుకుంటున్నాయి.

ముందు వేరే చోట్ల అడిగాను. ఒక స్కానింగ్ కంపెనీ వాళ్లు వెన్ను కోసేసి విడి కాగితాలు చేస్తేనే మెషీన్లో పెడతామన్నారు. ఇంకోచోట పేజీ పేజీకి లామినేషన్ చేద్దామన్నారు. లామినేషన్ వేడికి కాగితం మీద ప్లాస్టిక్ కరిగి అతుక్కుంటుంది, మళ్లీ ఎవరూ ఊడదీయలేరు. న్యూస్‌ప్రింట్ తక్కువరకం చెక్కగుజ్జుతో చేసిన కాగితం. పసుపెక్కడానికి, పెళుసవ్వడానికి కారణం దాంట్లోనే ఉంది. ప్లాస్టిక్ వేసినంత మాత్రాన అది ఆగదు. మూడో చోట ఖాళీ పేజీలు తీసేస్తే ఖర్చు తగ్గుతుందన్నారు. ఆ మాటకు నేను పుస్తకం తీసుకుని వచ్చేశాను. ఎందుకో కింద చెబుతాను.

భాయ్‌ది మొదట్నుంచీ రాయచోటి. కడప యాసలో తెలుగు చక్కగా మాట్లాడతారు. పుస్తకం ఇవ్వగానే రేటు చెప్పలేదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పేజీలు ఒక్కొక్కటీ వెడల్పాటి వెదురు చెక్కతో లేపి తిప్పి, మొత్తం చూశారు. ఫుట్‌బాల్ మీద ఆయనకు ఏ మాత్రం ఆసక్తి లేదు. పెలే ఫొటో వచ్చినా, స్థానిక లీగ్‌లో మూడు లైన్ల ఫలితం వచ్చినా ఒకేలా చూశారు. నాకు అదే నచ్చింది. ఆట తెలిసినవాడైతే ఇది ముఖ్యం, అది కాదు అని తనే తేల్చేస్తాడు.

తర్వాత చేసిన పని చూసి ఇక ఇంకెక్కడికీ పోకూడదనుకున్నాను. మార్జిన్‌లో ఎక్కడో పొరపాటున పడ్డ ఇంకు చుక్క ఒకటుంది. సూది మొనంత దూదిని తడిపి, దాని అంచున తాకించి, తెల్ల కాగితం మీద అద్దారు. నీలం రంగు దిగింది. "ఇది బ్రిల్ ఇంకమ్మా, తడి తగిలితే పారిపోతుంది. మీ నాయన రాసిన చోట నేను నీళ్ల పని చెయ్యను. మెతుకులు ఊడదీయాలంటే తడి కావాల. కాబట్టి ఊడినవి ఊడదీస్తా, ఊడనివి అట్లే వదిలేస్తా. సరేనా?" అన్నారు. నేను తలూపాను. పక్కనే చేతిపుస్తకంలో పేజీ నంబర్లు రాసి, ఏ పేజీలో ఏ వైపు తడి తగలకూడదో గుర్తు పెట్టుకున్నారు.

విప్పే ముందు ప్రతి పేజీనీ ఫోన్‌లో ఫొటో తీశారు. ప్రతి కటింగ్ వెనక మెత్తటి పెన్సిల్‌తో పేజీ నంబరు, ఆ పేజీలో దాని వరస నంబరు వేశారు. సెల్లోటేపు వేసిన చోట్ల బంక ఎండి గోధుమరంగు మరకలైపోయాయి. టేపు పైపొర మాత్రం వేడి గరిటెలాంటి దాంతో మెల్లిగా లేపారు. మరక పోదని ముందే చెప్పారు, పోలేదు. జిగురు ఆయనే ఉడికిస్తారు. మైదా, నీళ్లు, సన్నటి మంట. అట్టకు వేసే జిగురులో మైలుతుత్తం చిటికెడు కలుపుతారు, పురుగు పట్టకుండా. కటింగ్‌కు తగిలే జిగురులో మాత్రం వెయ్యరు, న్యూస్‌పేపరు కాగితానికి అది మంచిది కాదంటారు. చిరిగిన అంచులకు వెనక నుంచి పల్చటి జపాన్ టిష్యూ వేశారు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తప్ప అతుకు కనపడదు.

నేను అడగకుండానే ఆయన చేసిన పని ఇంకొకటుంది. ఊడొచ్చిన కటింగ్‌లను మళ్లీ పూర్తిగా అతికించలేదు. ఎడమ అంచున ఒక సన్నటి పట్టీకి మాత్రమే జిగురు వేశారు. ఇప్పుడు వాటిని తలుపులా తెరిచి వెనక ఏముందో చదవొచ్చు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడని వైపు అది. ఎన్నికల ఫలితాల ముక్కలు, సినిమా ప్రకటనలు, బట్టల మిల్లుల ప్రకటనలు. నవంబరు చివరి పేజీలో బెంగళూరు లీగ్ ఫలితం ఒకటి చిన్న ముక్క ఉంది. దాన్ని తిప్పితే వెనక దివిసీమ ఉప్పెన వార్త, సగం కాలమ్.

అమ్మ పుట్టిల్లు మోపిదేవి దగ్గర. 1977 నవంబరు 19 రాత్రి గురించి మా ఇంట్లో కొత్తగా చెప్పుకోవాల్సిన పని లేదు. ఉప్పెన సంగతి తెలిశాక నాన్న, ఫ్యాక్టరీలో తెలుగువాళ్లు కొందరు కలిసి బట్టలు, బియ్యం పోగుచేసి అక్కడికి వెళ్లారు. అందుకే ఆ ముక్క తర్వాత పుస్తకంలో పేజీలు కొన్ని ఖాళీగా ఉంటాయి. మళ్లీ కటింగ్‌లు మొదలయ్యేది డ్యూరాండ్‌తో. ఆ ఖాళీ పేజీలను నాన్న కావాలనే వదిలాడు. పైన తేదీలు మాత్రం రాసి పెట్టాడు. వాటిని తీసేయమన్న షాపుకు పుస్తకం ఇవ్వలేకపోవడానికి కారణం ఇదే. భాయ్‌తో ఈ సంగతంతా చెప్పలేదు. ఖాళీవి ఉంచమంటారా అని కూడా ఆయన అడగలేదు. "పేజీ అంటే పేజీనే" అన్నారంతే. వాటికీ నంబర్లు వేసి, వాటినీ కుట్టారు.

కుట్టు గురించి. పాతది మధ్యలో పిన్నులు కొట్టిన చౌక బైండింగ్, పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేశాయి. భాయ్ వాటిని తీసేసి, కాగితాలను కట్టలుగా మడతపెట్టి, మైనం రాసిన నూలుదారంతో కట్ట కట్టకూ కలిపి కుట్టారు. కటింగ్‌లు ఉన్న పుస్తకం అంచుల కంటే మధ్యలో ఉబ్బుతుంది. దానికి వెన్ను దగ్గర కట్టల మధ్య సన్నటి కాగితం పట్టీలు వేసి లావు సమం చేశారు. ఫలితం, ఏ పేజీ దగ్గర తెరిచినా పుస్తకం బల్ల మీద చదునుగా పడుతుంది, మనం నొక్కి పట్టుకోనక్కర్లేదు. మార్జిన్ ఒక్క మిల్లీమీటరు కూడా కత్తిరించలేదు. ఇది నేను ముందే గట్టిగా చెప్పిన సంగతి, ఎందుకంటే నాన్న రాతలన్నీ అంచు దాకా పోతాయి. మామూలు బైండర్లు కుట్టాక మూడు వైపులా కటింగ్ మెషీన్ పెట్టి సాపు చేసేస్తారు. ఇక్కడ అంచులు ఎగుడుదిగుడుగానే ఉన్నాయి, అలాగే ఉండాలి. పైన ముదురు ఆకుపచ్చ కాలికో బట్ట, లోపల బలమైన అట్ట.

స్కానింగ్ పైఅంతస్తులో వాళ్లబ్బాయి చేస్తాడు. పుస్తకాన్ని పడుకోబెట్టి పైనుంచి కెమెరాతో తీసే స్కానర్ ఉంది, కాబట్టి వెన్ను మీద ఒత్తిడి పడదు. పల్చటి కాగితంలో వెనక అక్షరాలు ముందుకు కనపడతాయి కదా, అలాంటి ప్రతి కటింగ్ వెనకా నల్ల కాగితం పెట్టి తీశాడు. అక్షరం శుభ్రంగా వచ్చింది. మడతపెట్టి అతికించిన పొడుగు కటింగ్‌లను మడత వేసి ఒకసారి, విప్పి ఒకసారి తీశాడు. ఇంతవరకూ బాగుంది.

ఫొటోల దగ్గర మొదటిసారి దెబ్బతింది. పాత పేపరు ఫొటో అంటే చుక్కల గుంపు. 300 డీపీఐలో తీస్తే స్కానర్ గళ్లూ, ఆ చుక్కలూ కలిసిపోయి ఫొటో అంతా అలలు అలలుగా చారలొచ్చాయి. ఎర్నాకుళం ఫైనల్ ఫొటోలో బంతి ఎక్కడుందో కూడా తెలియలేదు. చెప్పగానే ఒప్పుకుని, ఫొటోలున్న పేజీలన్నీ 600లో మళ్లీ తీసిచ్చాడు, అదనంగా డబ్బులు తీసుకోలేదు. మీరు ఇస్తే మొదట్లోనే 600 అని చెప్పండి. అన్నట్టు, ఫైళ్లు రెండు రకాలు అడిగి తీసుకోండి. దాచుకోవడానికి టిఫ్, చూసుకోవడానికి పీడీఎఫ్. కాగితం పసుపును తీసేసి తెల్లగా చేసివ్వనా అని అడుగుతాడు, వద్దనండి. తెల్లగా చేస్తే ఎర్ర పెన్సిల్ గీతలు మాయమవుతాయి.

వెతుక్కునే పీడీఎఫ్ చేసిస్తామని రేట్ల కాగితంలో ఉంది. ఇంగ్లిష్ వరకు పనికొస్తుంది. మోహన్ బగాన్ అని ఇంగ్లిష్‌లో కొడితే చాలా పేజీలు దొరికాయి. తెలుగు, కన్నడ కటింగ్‌లలో ఒత్తులన్నీ విడిపోయి అర్థంలేని అక్షరాలొచ్చాయి. నాన్న చేతిరాత సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి డబ్బులు పెట్టొద్దు. నేను నాన్న పక్కన కూర్చుని, పేజీకో లైన్ చొప్పున విషయసూచిక టైప్ చేసుకున్నాను. ఆయన గుర్తుతెచ్చుకుని చెప్పినవి కొన్ని అందులో చేరాయి, ఆ లాభం ఏ మెషీనూ ఇవ్వదు.

అసలు పరీక్ష నాన్నే పెట్టాడు. చూపు బాగా తగ్గింది, పుస్తకం చదవలేడు. ట్యాబ్‌లో పేజీ పెద్దది చేసుకుని చూస్తాడు. మొదటి రోజే మొదట్నుంచి చివరి దాకా వేలితో జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. "షీల్డ్ ముందొచ్చిందేమే? పెలే మ్యాచ్ అయ్యాక కదా షీల్డ్ ఫైనల్" అన్నాడు. నిజమే, పీడీఎఫ్‌లో రెండు పేజీలు తారుమారయ్యాయి. కుట్టిన పుస్తకంలో వరస సరిగ్గానే ఉంది, తప్పు ఫైలు కూర్చినప్పుడు జరిగింది. ఫోన్ చేస్తే అదే రోజు సరిచేసి పంపారు. స్కానింగ్‌కు ఒక మార్కు కోసింది ఇందుకే. వరస మీదే ఆధారపడ్డ పుస్తకానికి నంబర్లు వేసి మరీ పని చేసినవాళ్లు, పంపేముందు ఒకసారి తిప్పి చూసుకోవాల్సింది.

టైము విషయంలో నాకు నిజంగా కోపమొచ్చింది. దసరా లోపు ఇస్తామన్నది సంక్రాంతి దాటింది. ఆలస్యానికి కారణం సబబే, వానల్లో జిగురు సరిగ్గా ఆరదు, ఆరకుండా మూస్తే బూజు పడుతుంది. కానీ ఆ మాట ఫోన్ చేసి చెప్పాలి. వాళ్లు చెయ్యరు, మనం చేస్తే మధ్యాహ్నం పూట ఎత్తరు. ఎనభై దాటిన మనిషి రోజూ "వచ్చిందా" అని అడుగుతుంటే ఇంట్లో ఎంత టెన్షనో వాళ్లకు తెలియాలి. ఇంకో లోటు, అట్ట మీద బంగారు అక్షరాలు. కన్నడ, ఇంగ్లిష్ అచ్చులు మాత్రమే ఉన్నాయి, తెలుగు లేదు. నాకు తెలుగులోనే కావాలి. చివరికి ఉత్త 1977 అని అంకెలు మాత్రం వేయించాను. చూడ్డానికి బాగానే ఉంది, కానీ తెలుగు అచ్చులు తెప్పిస్తే ఈ ఊళ్లో అడిగేవాళ్లకు తక్కువ లేదు.

చివర్లో ఒక కటింగ్ నేను చేర్పించాను. ఫెడరేషన్ కప్ చివరిసారి జరిగింది 2017లో, కటక్‌లో. ఫైనల్లో మళ్లీ మోహన్ బగానే. అదనపు సమయంలో సి.కె. వినీత్ రెండు గోల్స్ కొట్టాడు, 2-0తో గెలిచింది బెంగళూరు ఎఫ్‌సీ. అంటే ఆ కప్పు మొదటి ఫైనల్, ఆఖరి ఫైనల్ రెండూ మోహన్ బగాన్ మీద మా ఊరి టీమ్‌లే గెలిచాయి. ఒకటి జీతానికి ఫ్యాక్టరీలో పనిచేసుకునే అమెచ్యూర్లది, ఇంకోటి పూర్తి ప్రొఫెషనల్ క్లబ్బు. ఈ ముక్క చేరిస్తేనే పుస్తకం నిండుతుందని నాకనిపించింది. నాన్న ముందు ఒప్పుకోలేదు, "అది వేరే కాలం" అన్నాడు. తర్వాత చివరి అట్ట లోపలివైపు అయితే సరేనన్నాడు. భాయ్ దాన్ని నేరుగా అతికించలేదు. కొత్త న్యూస్‌ప్రింట్ ఆమ్లం పక్క పేజీకి పాకుతుందని మధ్యలో మంచి కాగితం వేసి, జేబులా చేసి అందులో పెట్టారు.

ఖర్చు మొత్తం 7,400 రూపాయలు. దాదాపు 140 పేజీల పొడుగు పుస్తకానికి బైండింగ్, టిష్యూ, స్కానింగ్ అన్నీ కలిపి. సగం ముందు, సగం తీసుకునేటప్పుడు. మామూలు ఆఫీసు ఫైలు బైండింగ్‌తో పోలిస్తే ఎక్కువే, చేసిన పనికి తక్కువ. బేరం ఆడలేదు.

ఇవ్వాలనుకునేవాళ్లకు: పని సంక్రాంతి తర్వాత ఇవ్వండి, ఎండాకాలంలో వేగంగా అవుతుంది. పొద్దున పదకొండులోపు వెళ్లండి, తర్వాత పెళ్లిపత్రికల రద్దీ. ఇచ్చేముందు మీరూ ప్రతి పేజీ ఫోన్‌లో తీసి పెట్టుకోండి. చేతిరాత ఏ ఇంకుతో ఉందో తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తడిపి చూడమని అడగండి. కొలతలు, పేజీల సంఖ్య, ఏవి తియ్యకూడదో కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి, నోటి మాటగా వదలొద్దు. నాన్న దగ్గర 1978 పుస్తకం ఇంకొకటుంది. కోయంబత్తూరు ఫెడరేషన్ కప్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కలిసి పంచుకున్నది. దానికి పిన్నులు ఇంకా తుప్పు పట్టలేదు. ఫిబ్రవరిలో ఇస్తానని భాయ్‌కు చెప్పాను, ఈసారి తారీఖు రాసి తీసుకున్నాను.